కాక్ లోపలా, బయటా? మన కళ్ళు చేసే తొండి

[తెర మీద: బెంచీ మీంచి ఫోన్‌లో తీసిన వీడియో. షటిల్ డబుల్స్ ఆట, పక్క కోర్టుల అరుపులు వినిపిస్తుంటాయి]

పొద్దున్న ఆరున్నర. మేము 19, వాళ్ళు 20. ఇంకొక్క పాయింటుతో గేమ్ వాళ్ళది. అవతలివాళ్ళు ఎత్తి కొట్టిన కాక్ నా తల మీదుగా వెళ్ళి వెనక గీత దగ్గర పడింది. నేను గిర్రున తిరిగి చూసి, చెయ్యి ఊపి "అవుట్" అన్నాను.

"ఏంటన్నా, అది ఇన్! తొండి ఆడకండి!"

తొండి అన్న మాట వినగానే నాకు చెవులు వేడెక్కాయి. నలభై దాటినవాణ్ణి, నన్ను పట్టుకుని తొండి అంటాడా? నాలుగు మాటలు నేనూ అన్నాను. ఇంతలో బెంచీ మీద కూర్చున్న కుర్రాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, స్లో మోషన్‌లో ఉంది, చూస్తారా?"

[తెర మీద: స్లో మోషన్. కాక్ కింది భాగం తెల్ల గీత బయటి అంచుకు తగిలి, ఎగిరి, బయట దొర్లుతుంది]

ఇన్. అనుమానమే లేదు.

నేనేమీ అబద్ధం ఆడలేదండి. కాక్ బయట పడటం నా రెండు కళ్ళతో చూశాను. అసలు జరగనిదాన్ని చూశాను! అదెలా కుదిరింది? అంపైర్ లేని మన కోర్టుల్లో మరి ఎవరి మాట నిలవాలి? ఇవాళ్టి వీడియో అదే.

[కెమెరా ముందుకు]

ముందు చిన్న పిడకల వేట. మా ఊళ్ళో పెద్దవాళ్ళతో "బ్యాడ్మింటన్ ఆడతాను" అంటే బాల్ బ్యాడ్మింటన్ అనుకుంటారు, ఉన్ని బంతితో అయిదుగురేసి ఆడేది. మనం ఆడేదాన్ని వాళ్ళు షటిల్ అంటారు. ఈ వీడియోలో నేనూ షటిల్ అనే అంటాను, కొట్టేదాన్ని కాక్ అంటాను. కామెంట్లలో దిద్దకండి.

ఇప్పుడు గీతల సంగతి. కోర్టు పొడవు 13.4 మీటర్లు. వెడల్పు డబుల్స్‌కి 6.1, సింగిల్స్‌కి 5.18 మీటర్లు. గీత మందం 40 మిల్లీమీటర్లు, అంటే సుమారు రెండు వేళ్ళ వెడల్పు. ఆ గీత కోర్టులో భాగమే. దాని బయటి అంచుకి గోరంత తగిలినా ఇన్నే.

[తెర మీద: కోర్టు బొమ్మ, వెనక రెండు గీతలు మెరుస్తాయి]

డబుల్స్‌లో వెనక రెండు గీతలుంటాయి కదా. రెండింటికీ మధ్య దూరం 76 సెంటీమీటర్లు. సర్వీస్ చేసేటప్పుడు మాత్రం లోపలి గీత దాటితే అవుట్. సర్వీస్‌ని తిరిగి కొట్టారంటే, ఇక లోపలి గీతను మర్చిపోండి, చివరి గీత వరకూ ఆటే. నా లెక్కలో మన కోర్టుల్లో కీచులాటలు చాలావరకు ఇది తెలియక వచ్చేవే. వీటికి కళ్ళతోగానీ నిజాయితీతోగానీ పని లేదు, రూలు తెలిస్తే చాలు. మనకు కావాల్సింది రూలు తెలిసినా తేలనివి.

[తెర మీద: అరచేతిలో కాక్, దగ్గరగా]

కాక్‌ని ఒకసారి దగ్గర పెట్టుకుని చూడండి. పదహారు ఈకలు, అయిదు గ్రాముల బరువు. కింద కార్కు అడ్డంగా 25 నుంచి 28 మిల్లీమీటర్లు ఉంటుంది. పైన ఈకల గొడుగు 58 నుంచి 68 మిల్లీమీటర్లు, అంటే కార్కుకి రెట్టింపు పైనే. బరువంతా కార్కులో ఉంటుంది కాబట్టి మామూలుగా కార్కే ముందు నేలకి తగులుతుంది. ఆ కార్కు అడుగు బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది.

ఇంట్లో చేసి చూడండి. గచ్చు మీద తెల్ల టేపు అంటించండి. కార్కు అడుగు టేపు అంచుకి అయిదు మిల్లీమీటర్లు బయట ఆనేలా కాక్‌ని నిలబెట్టి పట్టుకోండి.

[తెర మీద: అదే కాక్, మూడు చోట్ల నుంచి]

ఒకటి, నిటారుగా నిలబడి పైనుంచి చూడండి. ఈకల గొడుగు టేపు మీదికి వచ్చేసింది. గొడుగుని తప్పించి చూసినా, కార్కు బొజ్జ టేపు అంచుని కప్పేసింది. చూసినవాడెవడైనా ఇన్ అంటాడు. నిజానికి అవుట్.

రెండు, పది మీటర్లు వెనక్కి వెళ్ళి చూడండి. నెట్ అవతల, ఆ మూల నిలబడ్డ మన ప్రత్యర్థి చోటు అది. అంత దూరం నుంచి నేలని చాలా వాలుగా చూస్తాం కాబట్టి ఆ అయిదు మిల్లీమీటర్ల సందు ఒక మిల్లీమీటరు పాటి కూడా ఆనదు. అంటే కనపడనే కనపడదు. అయినా "ఇన్, ఇన్!" అని ముందు అరిచేది అక్కడినుంచే.

మూడు, కింద కూర్చుని, టేపు ఎటు పోతోందో అటే కన్ను పెట్టి, దాని వెంట చూడండి. ఇప్పుడు సందు కనిపిస్తోంది. ఇన్నో అవుటో తేల్చడానికి పనికొచ్చే చోటు ఇదొక్కటే. ఆడే నలుగురిలో ఒక్కరు కూడా ఇక్కడ ఉండరు.

ఇదంతా కదలకుండా ఉన్న కాక్‌తో. ఆటలో అది దూసుకొస్తుంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డు అయింది. అది రాకెట్ వదిలిన క్షణంలో వేగం. ఈకలు గాలికి ఎదురాడతాయి కాబట్టి నేలని చేరేసరికి ఆ ఊపు చాలావరకు చచ్చిపోతుంది. ఎత్తుగా వేసిన కాక్ అయితే చివర్లో దాదాపు నిట్టనిలువునా దిగుతుంది.

ఆ రోజు నేనేం చేశాను? ముందు పైకి చూస్తూ వెనక్కి పరుగెత్తాను. అందదని తెలిసి వదిలేశాను. ఆ తర్వాత తల తిప్పాను. తల తిప్పేసరికి కాక్ నేలని తాకేసింది, ఎగిరి గీత బయట దొర్లుతోంది. తగలడం నేను చూడలేదు, దొర్లడం చూశాను. తగిలిన క్షణాన్ని నా బుర్ర తానే గీసుకుని, అతికించి, "ఇదిగో, నువ్వు చూసింది" అని చేతిలో పెట్టింది. గీసేటప్పుడు నాకేది కావాలో అదే గీసింది. మేము 19 మీద ఉన్నాం మరి!

[తెర మీద: టీవీ కోర్టు బొమ్మ, గీతల చివర్లలో కుర్చీలు]

పెద్ద టోర్నమెంట్లలో లైన్ జడ్జీల కుర్చీలు ఎక్కడుంటాయో గమనించారా? గీతల కొసలకి ఎదురుగా, సరిగ్గా మన టేపు ఆటలో మూడో చోట. వాళ్ళ పని ఒక్క గీతను చూడటమే. అవుట్ అయితే రెండు చేతులూ పక్కలకి బారజాపి, గట్టిగా "అవుట్" అనాలి. ఇన్ అయితే నోరు విప్పకూడదు, కుడి చేత్తో గీతను చూపించాలి, అంతే.

మూడో సంకేతం ఇంకోటుంది. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన సంకేతం అది.

[కెమెరా ముందు: రెండు అరచేతులతో కళ్ళు మూసుకుంటాడు]

ఇదీ. "నాకు కనపడలేదు" అని. ఆటగాడు అడ్డొచ్చాడు, చూడలేకపోయాను. వేల మంది చూస్తుండగా, ఆ ఒక్క గీతను చూడటానికే కూర్చోబెట్టిన మనిషి రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఒప్పుకుంటాడు. ఎవరూ ఏమీ అనరు. అంపైర్‌కి కనబడితే అంపైర్ చెబుతారు. ఆయనా తేల్చలేకపోతే లెట్, ఆ పాయింటు మళ్ళీ ఆడతారు.

జీతం లేకుండా, పరుగెడుతూ, చెమట కళ్ళలోకి కారుతుంటే చూసే మనం మాత్రం ప్రతిసారీ "కచ్చితంగా అవుట్" అంటాం. "కచ్చితంగా" లేకుండా అవుట్ అన్నవాణ్ణి మా కోర్టులో నేనింతవరకు చూడలేదు.

[తెర మీద: కంప్యూటర్ గీసిన కాక్ గీత మీదికి దిగుతుంది]

2014లో ఢిల్లీలో జరిగిన ఇండియా ఓపెన్‌తో షటిల్‌లోకి హాక్ ఐ వచ్చింది, అంటే కాక్ ఎక్కడ పడిందో కెమెరాలతో లెక్కగట్టి తెర మీద చూపించే ఏర్పాటు. గీత దగ్గర అనుమానం వస్తే ఆటగాళ్ళు సవాలు చేయొచ్చు. మ్యాచ్‌కి రెండు అవకాశాలు. మాట నిజమైతే అవకాశం మిగులుతుంది, తప్పయితే పోతుంది. ఉన్నవి రెండే కాబట్టి ఎవరూ ఊరికే వాడరు. అలాంటిది, ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్ళు కూడా ధీమాగా చెయ్యెత్తి, పెద్ద తెర మీద తాము అన్నదానికి వ్యతిరేకం చూసి, నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళడం మనందరం చూశాం. వాళ్ళు తొండి ఆడారా? లేదు. వాళ్ళ కళ్ళూ మన కళ్ళలాంటివే. కాకపోతే మన దగ్గర ఆ తెర లేదు. అందుకే మనది "నేను చూశాను", "నువ్వు చూళ్ళేదు" దగ్గర మొదలై, "నీతో ఇక ఆడను" దాకా పోతుంది.

ఇక్కడ చాలామంది టెన్నిస్‌లో ఆండీ రాడిక్ కథ చెబుతారు. 2005, రోమ్. ఫెర్నాండో వెర్డాస్కోతో ఆట, రాడిక్‌కి మ్యాచ్ పాయింట్. వెర్డాస్కో రెండో సర్వీస్‌ని అవుట్ అన్నారు. అంటే మ్యాచ్ రాడిక్‌దే. ఆయనే బంతి గుర్తు చూపించి, అది లోపలే పడిందని చెప్పి, పాయింటు వదులుకున్నాడు. ఆ తర్వాత మ్యాచ్ కూడా పోయింది. గొప్ప పనే, కాదనను. అయితే ఆయన ఆడింది మట్టి కోర్టు మీద. బంతి పడ్డచోట గుర్తు ఉంటుంది, వెళ్ళి వేలు పెట్టి చూపించొచ్చు. మన మ్యాట్ మీద, చెక్క నేల మీద ఏ గుర్తూ ఉండదు. కాక్ దొర్లిపోయాక మిగిలేది మన మాటే. రాడిక్ తనకి తెలిసిన నిజం చెప్పాడు, మనకి చాలాసార్లు నిజమేంటో తెలియను కూడా తెలియదు. అందుకే "నిజాయితీగా ఉండు" అంటే మా కోర్టులో ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందరూ ఆల్రెడీ నిజాయితీపరులే!

[కెమెరా ముందుకు, కుర్చీ దగ్గరికి జరుగుతాడు]

మరి ఏం చేయాలి? అంపైర్ లేని ఆటల్లో ఉన్న ఆనవాయితీ చెబుతాను. కాక్ ఎవరి వైపు పడితే వాళ్ళే చెప్పాలి. నెట్ అవతలివాళ్ళు అరవకూడదు, ఎందుకో టేపుతో చూశాం. చెప్పేవాళ్ళకి సందు కనపడితేనే అవుట్. గీతకీ కార్కుకీ మధ్య నేల రంగు కనిపించిందా? అయితే చెప్పండి. లేదంటే పాయింటు అవతలివాళ్ళది. మరీ తేలకపోతే లెట్. జోడీలో ఒకరు ఇన్ అని ఇంకొకరు అవుట్ అంటే, నేనైతే ఇన్ అంటాను. మనలోనే ఒకరికి లోపల కనబడ్డాక ఇక అవుట్ అనడానికి నోరెలా వస్తుంది?

లెట్‌తో మాత్రం జాగ్రత్త. అది చూడటానికి పెద్దమనిషి తీర్పులా ఉంటుంది కానీ, అసలైన తొండి ఈమధ్య అందులోనే దాక్కుంటోంది. కాక్ లోపల పడిందని వాడికి శుభ్రంగా తెలుసు. అవుట్ అంటే గొడవవుతుంది. "సర్లే బ్రో, లెట్ ఆడదాం" అంటాడు, ఏదో త్యాగం చేస్తున్నట్టు. అవతలివాడి పాయింటు తీసుకెళ్ళి సగానికి బేరం పెట్టడం అది. అవుట్ అని దబాయించేవాడి కంటే వీడితోనే నాకు చిరాకు.

ఇంకో రకం కూడా ఉంది. మా కోర్టులో అరవై అయిదేళ్ళ అంకుల్ ఒకాయన ఆడతారు. ఆయన కొట్టింది అడుగు బయట పడ్డా కుర్రాళ్ళు "ఇన్ అంకుల్, సూపర్" అంటారు. ఒకరోజు ఆయనకి తిక్కరేగింది. "నేను ఆడటానికొచ్చానా, ఆశీర్వాదాలకొచ్చానా? అవుట్ అయితే అవుటని చెప్పండి!" అని రాకెట్ సంచిలో పెట్టేశారు. మరుసటి రోజు నుంచి ఆయన కాక్ బయటపడితే అందరికంటే గట్టిగా నేనే అరుస్తున్నాను. ఆయన మొహం వెలిగిపోతుంది.

నిజంగా తెలిసి తొండి ఆడేవాడు ఎదురైతే? వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. తర్వాతి పాయింటులో మనమూ ఒకటి కొట్టేసి లెక్క సరిచేద్దామనిపిస్తుంది, అక్కడితో ఆట చచ్చిపోతుంది. గీతలకి జానెడు లోపలే కొట్టండి, గేమ్ పూర్తి చేయండి, రేపు వేరే జోడీ చూసుకోండి.

[తెర మీద: మళ్ళీ అదే కోర్టు, అదే బెంచీ మీంచి]

ఆ ఫోన్ వీడియో చూశాక నేను వెళ్ళి సారీ చెప్పాను. గేమ్ వాళ్ళకి ఇచ్చేశాను. "పర్లేదన్నా" అన్నాడు, కానీ రెండు రోజులు మాట ముభావంగానే ఉంది.

మొన్న ఆదివారం మళ్ళీ అతనే ఎదురు. 20–20. అదే మూల, అలాంటి కాక్. నేను తల తిప్పేసరికి దొర్లుతోంది. నోటి చివరిదాకా వచ్చింది "అవుట్" అని. రాకెట్ చంకలో పెట్టుకుని, రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాను.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. నా పార్ట్‌నర్ "కంట్లో ఏమైనా పడిందా?" అన్నాడు. నెట్ అవతల అతను ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వాడు.

"నాకూ కనపడలేదన్నా. వెయ్యి, మళ్ళీ ఆడదాం."

కాక్ ఈక ఒకటి విరిగింది. డబ్బాలోంచి కొత్తది తీశాం.