ఒసాకాలో మకాం, తెల్లారకముందే క్యోటో: జపాన్‌లో తిరగడం, తినడం

నమస్తే అండీ. మొన్న మా ఆఫీసులో ఒకతను తన జపాన్ ప్లాన్ చూపించాడు. ఎక్సెల్ షీటు, పాపం రంగులు కూడా వేశాడు. తొమ్మిది రోజులు, ఆరు ఊళ్ళు, ఆరు హోటళ్ళు, మనుషులు నలుగురు, సూట్‌కేసులు ఐదు. "బాబూ, నువ్వు జపాన్ చూడ్డానికి వెళ్తున్నావా, సూట్‌కేసులు ఊరేగించడానికా?" అని అడిగాను. మొహం మాడ్చుకున్నాడు. అందుకే ఈ వీడియో.

నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను. మొదటిసారి ఫ్రెండ్‌తో, అచ్చం ఆ ఎక్సెల్ షీటు లాగే, రోజుకో ఊరు. గుర్తున్నదల్లా స్టేషన్ మెట్లే. రెండోసారి మా ఆవిడ, మా అమ్మ కూడా వచ్చారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు. ఆ ట్రిప్‌లోనే నాకు విషయం అర్థమైంది. ఒసాకాలో ఒకే హోటల్లో బ్యాగులు దించేసి, అక్కణ్ణుంచే చుట్టుపక్కల ఊళ్ళు చూసి రాత్రికి తిరిగొచ్చేయాలి. పొద్దున చూడ్డానికి, సాయంత్రం తినడానికి. అంతే లెక్క.

ఎందుకంటే అక్కడ అన్నీ దగ్గరే. ఒసాకా స్టేషన్ నుంచి క్యోటోకి జేఆర్, అంటే జపాన్ రైల్వే వాళ్ళ, స్పెషల్ రాపిడ్ రైలు అరగంట, టికెట్ 600 యెన్ లోపే. ఈ మధ్య రేటులో యెన్‌ని సగం చేసి ఇంకాస్త కలిపితే రూపాయల లెక్క వచ్చేస్తుంది. ఒసాకాలోనే ఉన్న నాంబా స్టేషన్ నుంచి నారాకి కింటెట్సు రైల్లో 40 నిమిషాలు. హిమేజి కోటకి గంట. దీనికి షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, అక్కర్లేదు, దేశమంతా రైళ్ళలో తిరగడానికి టూరిస్టులకి అమ్మే జేఆర్ పాస్ అసలే అక్కర్లేదు. పాత వీడియోలు చూసి అందరూ ముందు ఆ పాస్ కొనేస్తున్నారు. ఒకప్పుడు ఏడు రోజుల పాస్ 29,650 యెన్, అప్పుడు గిట్టుబాటే. 2023 అక్టోబర్‌లో దాన్ని 50,000 చేశారు. టోక్యో నుంచి ఒసాకాకి షింకన్‌సెన్ టికెట్ 14 వేల చిల్లర, రానూపోనూ వేసుకున్నా 30 వేలు దాటదు. మిగతా 20 వేలు రైల్వే వాళ్ళకి చదివింపులు ఎందుకండీ. ఇకోకా కార్డు ఒకటి తీసుకుని డబ్బులు వేసుకోండి, రైలు, బస్సు, కన్వీనియన్స్ స్టోర్, అన్నిట్లో టప్ మని ఆనించి వెళ్ళిపోవచ్చు.

ఇక క్యోటో. క్యోటోలో జనం మామూలుగా ఉండరు, తిరుపతి సర్వదర్శనం క్యూ గుర్తొస్తుంది. కానీ ఆ జనమంతా టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరే జనం. మీరు ఐదున్నరకి రైలెక్కండి. ఎర్రటి తోరణాలు వరసగా ఉంటాయే, ఇన్‌స్టాలో అందరూ పెట్టే ఆ ఫొటో, అదే ఫుషిమి ఇనారి. రోజంతా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. క్యోటో స్టేషన్‌లో నారా లైన్ రైలు మారి రెండో స్టేషన్‌లో దిగితే ఎదురుగా గుడే. మేం ఆరున్నరకి వెళ్తే ఊరివాళ్ళు కుక్కల్ని తిప్పుతూ కనిపించారు, అంతే. అమ్మ ఒక తోరణం కింద ఆగి వెనక్కి తిరిగి చూసి "ఇదేంట్రా, ఏదో రాశారు" అంది. పైకెక్కేటప్పుడు నున్నగా కనిపించే స్తంభాల మీద, వెనక్కి తిరిగి చూస్తే నల్లటి అక్షరాలు ఉంటాయి. అవన్నీ దాతల పేర్లు, ఇచ్చిన తేదీలు. వ్యాపారం బాగా సాగాలని కంపెనీలు, షాపుల వాళ్ళు ఇస్తారు. మన గుళ్ళో ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు రాస్తారు కదా, అదే వ్యవహారం. ఇనారి అంటే పంటల దేవుడు, ధాన్యం దేవుడు, నక్క ఆయన దూత. నోట్లో తాళంచెవి పట్టుకున్న నక్క విగ్రహం ఒకటి ఉంటుంది, అది ధాన్యపు కొట్టు తాళంచెవి అంటారు. కొండ 233 మీటర్లే, కానీ పైదాకా వెళ్ళి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు యోత్సుత్సుజి అనే సగం మజిలీ దాకా వెళ్తే చాలు, అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుంది. అమ్మ అంత దూరం కూడా రాలేదు, కింద నక్కల దగ్గరే కూర్చుంది, హాయిగా.

కియోమిజు గుడి కూడా పొద్దున ఆరింటికే తెరుస్తారు, కొండ అంచున 13 మీటర్ల ఎత్తు చెక్క వేదిక ఉంటుంది. ఇది ఒకరోజు, ఫుషిమి ఇంకోరోజు పెట్టుకోండి. ఇక బంగారు గుడి, కింకాకు-జి. బాగుంటుంది, కాదనను, కానీ తొమ్మిదింటికి గానీ తెరవరు, తెరిచేసరికి గేటు బయట పది బస్సులు. ఒకటి తెలుసుకోండి, 1950లో ఒక కుర్ర సన్యాసి దానికి నిప్పు పెట్టాడు, ఇప్పుడు మనం చూసేది 1955లో మళ్ళీ కట్టింది. చెరువు ఇవతల నిలబడి ఫొటో తీసుకోవడం, బయటికి రావడం, ముప్పావు గంట పని. టైం తక్కువుంటే నేనైతే వదిలేస్తా. తిట్టుకుంటే తిట్టుకోండి.

క్యోటోలో గియోన్ అనే పాత పేట ఉంది, దాని గురించి ఒక మాట. గేషాలు, అంటే అక్కడి సంప్రదాయ ఆటపాటల కళాకారిణులు, వాళ్ళ వెనకాల సెల్‌ఫోన్లు పట్టుకుని పరిగెత్తే జనం ఎక్కువైపోయి, 2024లో అక్కడ ప్రైవేటు సందుల్లోకి టూరిస్టులు రాకూడదని బోర్డులు పెట్టారు, వెళ్తే 10,000 యెన్ జరిమానా. పెద్ద వీధిలో తిరగండి, సందుల జోలికి పోకండి. బస్సుల్లో పెద్ద సూట్‌కేసులతో ఎక్కితే ఊరివాళ్ళు ఏమీ అనరు గానీ, ఆ చూపుకి మనకే సిగ్గేస్తుంది. పాత వీడియోల్లో చెప్పే బస్ వన్ డే పాస్ ఇప్పుడు లేదు, మెట్రో, బస్సు రెండూ కలిపిన 1,100 యెన్ పాస్ ఉంది. అన్నట్టు, గుళ్ళ లోపలికి చాలాచోట్ల చెప్పులు విప్పాలి. చిల్లుల్లేని సాక్సులు వేసుకోండి. నవ్వకండి, నా అనుభవం.

సరే, తిండికొద్దాం. జపాన్‌లో ఒక సామెత ఉంది, క్యోటోవాళ్ళు బట్టలకి ఆస్తి తగలేస్తారు, ఒసాకావాళ్ళు తిండికి తగలేస్తారు అని. సాయంత్రం ఒసాకాకి ఎందుకు తిరిగి రమ్మంటున్నానో ఇప్పుడు తెలిసిందిగా.

ఒసాకాలో దోతోంబోరి అనే తిండి వీధుల పేటలో తకోయాకి బండి ముందు ఒక పది నిమిషాలు నిలబడండి. కొనకపోయినా పర్లేదు, చూడండి. మన గుంత పొంగనాల పెనమే, కాకపోతే ఇనప పళ్ళెంలో పదుల కొద్దీ గుంటలు. జారుగా కలిపిన మైదా పిండి గుంటలు నిండి పొంగి పొర్లేలా పోస్తాడు, ఒక్కో దాంట్లో ఒక ఆక్టోపస్ ముక్క, పైన ఉల్లికాడలు, ఎర్ర అల్లం ముక్కలు, వేయించిన పిండి పలుకులు. అంచులు పట్టుకోగానే రెండు చేతుల్లో రెండు సూదుల్లాంటి పుల్లలు తీసుకుని, బయటికి పొర్లిన పిండిని గుంటలోకి తోస్తూ గిర్రున తిప్పుతాడు. సగం గిన్నె కాస్తా గుండ్రటి బంతి అయిపోతుంది. పైన సాస్, మయొనైజ్, ఎండు చేప తరుగు. ఆ తరుగు వేడికి కదుల్తూ ఉంటుంది, మా ఆవిడ "ఇది బతికుందా" అని రెండడుగులు వెనక్కేసింది. వేడి వేడిగా నోట్లో వేసుకోకండి, పైన మామూలుగానే ఉంటుంది, లోపల పిండి లావా. నాకు రెండు రోజులు నాలుక మండింది.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వెనక్కి వెళ్తే హోజెన్-జి అనే సన్నటి సందు. అంత గోలలోంచి ఒక్కసారిగా నిశ్శబ్దం. అక్కడొక విగ్రహం, ఒళ్ళంతా పచ్చటి నాచు, ముక్కూ మొహం కూడా కనిపించదు. వచ్చినవాళ్ళంతా చెంబుతో నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటారు, అలా పోసి పోసి పట్టిన నాచు అది. ఆయన పేరు ఫుదో, సంస్కృతంలో అచలుడు. అమ్మకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది, చెంబు తీసుకుని అభిషేకం చేసేసింది.

ఒసాకా కోట? బయటి కందకం, రాతిగోడలు చూడండి చాలు. మధ్యలో గోపురం 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు కూడా ఉంది. అసలు కోట చూడాలంటే హిమేజి వెళ్ళండి, 400 ఏళ్ళ నాటి చెక్క కోట. కురోమోన్ మార్కెట్ ఇప్పుడు టూరిస్టు రేట్లకి వెళ్ళిపోయింది, దాని బదులు తెంజిమ్‌బషి-సుజి అనే బజారు ఉంది, పైన కప్పుతో 2.6 కిలోమీటర్లు. ఊరివాళ్ళు కూరగాయలు కొనుక్కునే బజారు, తిండి చవక.

ఒసాకాలోనే షిన్‌సెకాయ్ అనే పేటలో కుషికత్సు తినండి, అంటే పుల్లలకి గుచ్చి పిండిలో ముంచి వేయించినవి, మన బజ్జీల చుట్టాలు. తామరదుంప, ఉల్లిపాయ కూడా ఉంటాయి. సాస్ డబ్బా అందరికీ ఒకటే ఉంటే, ఒక్కసారే ముంచాలి, కొరికాక మళ్ళీ ముంచకూడదు. మన భాషలో ఎంగిలి. ఆ మాట ప్రపంచంలో ఎవరికీ లేదనుకుంటాం గానీ, ఒసాకాలో గోడల మీద బోర్డులు పెట్టారు. సాస్ చాలకపోతే పక్కనున్న క్యాబేజీ ఆకుతో తీసి పోసుకోవాలి. పుల్లల సంగతి వచ్చింది కాబట్టి, చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకండి, ఒకరి పుల్లల్లోంచి ఇంకొకరి పుల్లల్లోకి ముక్క అందించకండి. మొదటిది చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నం, రెండోది దహనం అయ్యాక అస్థికలు అందించుకునే పద్ధతి. ఎందుకు కూడదో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఇజకాయాలో, అంటే రాత్రిపూట మందూ చిరుతిళ్ళూ దొరికే చోటు, నేను బిల్లు దగ్గర గొడవ పడ్డాను. అడగని చిన్న గిన్నెడు కూర ఒకటి తెచ్చి పెట్టి, తలా 400 యెన్ వేశారు. మోసం అనుకున్నా. తర్వాత తెలిసింది, దాన్ని ఒతోషి అంటారు, కూర్చున్నందుకు కట్టే డబ్బు లాంటిది, చాలాచోట్ల మామూలే. టిప్పు మాత్రం ఎక్కడా ఇవ్వక్కర్లేదు, ఇస్తే వెనకాల పరిగెత్తుకొచ్చి మర్చిపోయారని తిరిగిస్తారు.

శాకాహారులూ, ఇది మీకు. అక్కడ మాంసం కంటే పెద్ద తలనొప్పి దషి. కూరగాయల సూప్, ఉడాన్ నూడుల్స్, టోఫూ, ఆఖరికి వంకాయ కూర కూడా దషిలో ఉడికిస్తారు, అది ఎక్కువగా ఎండు చేపతో కాచిన నీళ్ళు. "మాంసం లేదు" అని వాళ్ళు చెప్పేది నిజమే, చేపని వాళ్ళు మాంసం లెక్కలో వెయ్యరు. "నికు మో సకానా మో తబెమసెన్" అనండి, మాంసమూ చేపా రెండూ తిననని. దషి గురించి విడిగా అడగండి. బీఫ్ తినని వాళ్ళు గ్యూదోన్ అనే మాట గుర్తుపెట్టుకోండి, అంటే అన్నం మీద బీఫ్, అది అమ్మే చెయిన్ హోటళ్ళలో గిన్నె నిండా అదే. క్యోటోలో షోజిన్ ర్యోరి అని బౌద్ధ మఠాల భోజనం దొరుకుతుంది, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. అమ్మ ట్రిప్ మొత్తంలో నిశ్చింతగా తిన్నది అదొక్కటే. ఖరీదు ఎక్కువే, ఒక్క పూటకి పెట్టుకోండి.

నారాకి అరపూట చాలు. జింకలు వెయ్యికి పైనే, వీధుల్లో మన ఆవుల్లా తిరుగుతుంటాయి. బిస్కెట్ల కట్ట చేతిలో కనిపిస్తే తలొంచి దణ్ణం పెడతాయి, ఆలస్యం చేస్తే చున్నీ లాగుతాయి. అక్కడి తొదాయ్-జి గుళ్ళో 15 మీటర్ల కంచు బుద్ధుడు ఉన్నాడు. 752లో ఆ విగ్రహానికి కళ్ళు దిద్దింది ఎవరో తెలుసా, మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే సన్యాసి. ఇది విన్నాక అమ్మ అక్కడ ఇంకో అరగంట కూర్చుంది.

మన వాళ్ళకి సెలవులు ఎలాగూ ఏప్రిల్, మే. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా వాళ్ళకి గోల్డెన్ వీక్, జపాన్ అంతా రోడ్డు మీదే ఉంటుంది, ఆ వారం తప్పించండి. దసరా సెలవులైతే ఇంకా మంచిది, అక్టోబర్‌లో చల్లగా ఉంటుంది.

సామాన్ల విషయం. ఆవకాయ తీసుకెళ్ళండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసంతో చేసినవేవీ జపాన్‌లోకి రానివ్వరు, ఎయిర్‌పోర్టులో కుక్క వచ్చి బ్యాగు పక్కన కూర్చుంటుంది. పళ్ళు, పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి.

ఆవకాయ దేనికంటే, రాత్రి తొమ్మిదింటికి కన్వీనియన్స్ స్టోర్‌కి వెళ్ళండి. సతో నో గోహన్ అని డబ్బాలో అన్నం దొరుకుతుంది. పెరుగు కొనేటప్పుడు "ముతో" అన్నది చూసుకోండి, చక్కెర లేనిదని అర్థం, లేకపోతే తియ్యటి పెరుగన్నం తినాల్సి వస్తుంది. కౌంటర్‌లో అమ్మాయి "అతతమెమసు కా" అంటుంది, వేడి చెయ్యాలా అని. "హై" అనండి, ఓవెన్లో పెట్టి ఇస్తుంది. చెంచా కావాలా అని కూడా అడుగుతుంది, దానికీ "హై" అనండి. మొదటిరోజు నేను తల అడ్డంగా ఊపాను, అమ్మ టూత్‌బ్రష్ వెనక భాగంతో కలుపుకుంది.