నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ ఎక్కడిది? క్యాన్సర్, కొవ్వుపై శ్రోతలతో డాక్టర్

వ్యాఖ్యాత: లైన్లో ఉన్నారా? చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మా అమ్మకి 62 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్ అయిపోయాయి. ఇప్పుడు లెట్రోజోల్ మాత్ర రాశారు, ఈస్ట్రోజెన్ తగ్గడానికట. నెలసరి ఎప్పుడో ఆగిపోయింది కదా, ఇంకా ఆ హార్మోన్ ఎక్కడిదని అమ్మ అడుగుతోంది.

డాక్టర్: అమ్మగారు అసలు విషయమే పట్టుకున్నారు. చాలా రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజెన్ ఆసరాతోనే పెరుగుతాయి, అందుకే దాన్ని తగ్గిస్తారు. నెలసరి ఆగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ దాదాపు మానేస్తాయి. అప్పుడది ఎక్కువగా కొవ్వులోనే తయారవుతుంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆండ్రోజెన్లు అనే హార్మోన్లను కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. రొమ్ములోనూ కొవ్వు ఉంటుంది కాబట్టి కణితి పక్కనే ఆ తయారీ సాగుతుంది. లెట్రోజోల్ అడ్డుకునేది ఆ ఎంజైమ్‌నే. కీళ్లనొప్పులొస్తే మీ డాక్టర్‌కి చెప్పండి, అదే పని చేసే వేరే మాత్రకు మార్చే వీలుంది. సొంతంగా మాత్రం ఆపొద్దు.

శ్రోత: లావుగా ఉండటం వల్లే వచ్చిందని బంధువులు అంటున్నారండీ. అమ్మ అది మనసులో పెట్టుకుని ఒక పూట తిండి మానేస్తోంది.

డాక్టర్: ఆ మాట ఇంట్లో ఇంకెవరూ అనకుండా చూడండమ్మా, నిజంగా చెబుతున్నాను. ఒక మనిషికి ఇందువల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేరు. అధిక కొవ్వుకీ 13 రకాల క్యాన్సర్లకీ సంబంధం ఉందని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది, నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్ కూడా అందులో ఉంది. ముప్పు పెరుగుతుందని దానర్థం, అంతే. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. తిండి మానేస్తే కండ కరుగుతుంది. రోజూ నడిపించండి, బరువు మెల్లగా తగ్గినా చాలు.

వ్యాఖ్యాత: కొవ్వు చేసే పని హార్మోన్ ఒక్కటేనా?

డాక్టర్: కాదండీ. కొవ్వు కణాలు మరీ ఉబ్బితే వాటికి ఆక్సిజన్ సరిగ్గా అందక కొన్ని చచ్చిపోతాయి. చచ్చిన కణాలను తినేసే మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు వాటి చుట్టూ మూగుతాయి, మైక్రోస్కోప్‌లో చూస్తే కిరీటంలా ఉంటుంది. అక్కడ మొదలైన ఇన్‌ఫ్లమేషన్, అంటే లోలోపలి వాపు, ఏళ్ల తరబడి ఉండిపోయి అరోమటేజ్‌ని ఇంకా పెంచుతుంది. అండాశయ క్యాన్సర్‌లోనైతే, పేగుల ముందు ఒమెంటం అనే కొవ్వు పొర ఉంటుంది, క్యాన్సర్ కణాలు తరచూ అక్కడికే చేరతాయి. చేరి, కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు లాక్కుని వాటితోనే పెరుగుతాయి. అందుకే ఆ ఆపరేషన్‌లో సాధారణంగా ఆ పొరనీ తీసేస్తారు.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పండి.

రెండో శ్రోత: మా ఆయన 104 కిలోలండీ. కీమో డోసు చాలా ఎక్కువనిపిస్తోంది. తగ్గించమని అడగనా?

డాక్టర్: వద్దమ్మా. ఒకప్పుడు లావుగా ఉన్నవాళ్లకు భయపడి డోసు తగ్గించేవారు. 2012లో క్యాన్సర్ డాక్టర్ల సంఘమైన అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ మనిషికి ఉన్న బరువు ప్రకారమే పూర్తి డోసు లెక్కగట్టమంది, 2021లోనూ అదే మాట. డోసు తగ్గితే జబ్బు లొంగకపోవచ్చు. కొన్ని మందులకు లెక్క వేరు, అది మీ డాక్టర్ చూసుకుంటారు.

రెండో శ్రోత: ఆయన ఈమధ్య కాస్త తగ్గారు, మంచిదే కదండీ?

డాక్టర్: ఎంత తగ్గారు? కావాలని తగ్గారా?

రెండో శ్రోత: లేదండీ, తినబుద్ధి కావట్లేదంటున్నారు. బెల్టు వదులైంది.

డాక్టర్: అయితే సంతోషించకండి. లావుగా ఉన్నవాళ్లలో కండ కరిగినా పైకి తెలియదు. ఆరు నెలల్లో 5 శాతం, అంటే ఆయనకు 5 కిలోలు దాటి తగ్గితే అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. తర్వాతి కీమో దాకా ఆగకుండా రేపే మీ ఆంకాలజిస్ట్‌కి ఫోన్ చేసి చెప్పండి, డైటీషియన్‌ని కూడా కలవాలని అడగండి.