ఒక్కసారే కదా!

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

సామాజిక మాధ్యమాల వల్ల కలిగే చెడు గురించి మాట్లాడమంటే అబద్ధపు వార్తలు, నిద్రలేమి, ఇతరుల మెరుగులు చూసి మన బతుకును చిన్నబుచ్చుకోవడం అంటూ వరసగా చెప్పుకుపోవచ్చు. అవన్నీ మీకు తెలిసినవే కనుక, నాకు అన్నిటికంటే బరువుగా తోచిన ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతాను. ఆన్‌లైన్ వేధింపులో వేధించినవారెవరో తేల్చి చెప్పడం ఎందుకింత కష్టమవుతోంది?

బడిపిల్లల మధ్య వేధింపులను 1970ల నుంచే శాస్త్రీయంగా పరిశీలించిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ వాటికి మూడు గుర్తులు చెప్పారు: బాధపెట్టాలన్న ఉద్దేశం, పదే పదే జరగడం, ఇద్దరి బలాబలాల్లో తేడా. బడి ఆవరణలో ఎవరు ఏడిపించారో, ఎన్నిసార్లు ఏడిపించారో పిల్లవాడు వేలెత్తి చూపగలిగేవాడు. తెరమీదికి వచ్చేసరికి ఆ రెండో గుర్తు విచిత్రంగా చీలిపోయింది. ఒక అమ్మాయి ఫొటోను మార్ఫింగ్ చేసినవాడు దాన్ని ఒక్కసారే పోస్టు చేస్తాడు. చూసి నవ్వు బొమ్మ పెట్టినవాడూ ఒక్కసారే పెడతాడు, ఇంకో గ్రూపుకు పంపినవాడూ ఒక్కసారే పంపుతాడు. మూడు వందల మంది ఒక్కొక్కసారి చేసిన పని ఆ అమ్మాయి ఫోనులో మూడు వందల సార్లు మోగుతుంది. పదే పదే అన్నది భరించేవారి వైపే మిగిలిపోయింది. చేసినవారిని అడిగితే ‘సరదాకి’ అంటారు, చాలామంది నిజంగానే అలా అనుకుంటారు కూడా.

ఈ పరిస్థితికి మనుషుల గుణం ఎంత కారణమో, తెరమీద మనం నొక్కే మీటల (బటన్ల) తయారీ కూడా అంతే కారణం. ట్విట్టర్ 2009లో రీట్వీట్ మీటను తెచ్చేదాకా అక్కడ ఇంకొకరి మాటను పంచాలంటే దాన్ని ఎత్తి మళ్లీ అతికించుకోవలసి వచ్చేది; ఆ కాస్త శ్రమలోనే మనసు మార్చుకునే వీలుండేది. ఆ మీటను రూపొందించిన క్రిస్ వెదరెల్ పదేళ్ల తర్వాత, నాలుగేళ్ల పిల్లవాడి చేతికి గుళ్లు నింపిన తుపాకీ ఇచ్చామేమో అనిపించిందని పశ్చాత్తాపపడ్డారు. ఎదుటివారి ముఖం కనబడనప్పుడు, వారి జవాబు అప్పటికప్పుడు వినబడనప్పుడు మనిషి నోటికి అదుపు తప్పుతుందని జాన్ సులర్ అనే మనస్తత్వవేత్త 2004లోనే వివరించారు. దొంగ పేర్ల ఖాతాలను మాత్రమే నిందించడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే సొంత పేరుతో, కుటుంబంతో దిగిన ఫొటోను డీపీగా పెట్టుకుని మరీ తిట్టేవారు కొల్లలు.

ఖండించడానికని పంచేవారి సంగతి కూడా చెప్పాలి. “ఎంత దారుణమో చూడండి” అని రాసి ఆ బొమ్మనే మళ్లీ జతచేస్తే, అది అంతవరకు చూడనివారికి చూపించినట్టే అవుతుంది. ఈ తప్పు నేనూ చేశాను.

ఆస్ట్రేలియా 16 ఏళ్ల లోపువారికి సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండరాదని 2024లో చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చింది. పాటించని కంపెనీలకు 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. భారాన్ని పిల్లల మీద కాక కంపెనీల మీద మోపడం మెచ్చదగినదే. అయితే పదహారు నిండిన మర్నాడు ఆ పిల్లల చేతికి వచ్చేవి మళ్లీ ఆ మీటలే.

ఇక ఇంటి సంగతి. తమకు జరుగుతున్నది పిల్లలు మనకు చెప్పకపోవడానికి సిగ్గు ఒక కారణమైతే, చెప్పగానే ఫోను లాక్కుంటారన్న భయం మరో కారణం. స్నేహితులంతా అందులోనే ఉన్నప్పుడు ఫోను పోవడం వారికి రెండో శిక్షలా తోస్తుంది. కాబట్టి “ఏం జరిగినా ఫోను తీసుకోను” అన్న మాట ఏమీ జరగకముందే ఇచ్చి ఉంచాలి. జరిగాక మాత్రం కోపంతో జవాబు రాయకుండా, ఆ పోస్టు మాయమయ్యేలోగా లింకు, తేదీ, సమయం, పెట్టినవారి ఖాతా పేరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి. ఫిర్యాదు ఎక్కడ ఇచ్చినా ముందుగా అడిగేది వాటినే.