ఆర్గానిక్ ఫైనల్‌కి మాలిక్యులర్ మోడల్ కిట్: చైర్ దగ్గర బంగారం, ఎస్ఎన్2 దగ్గర జాగ్రత్త

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నాను, ఈ మోడల్ కిట్‌ని కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్ళకి చూపించలేదు. ఎన్ని బంతులు, ఎన్ని కడ్డీలు అన్న లెక్క డబ్బా మీదే ఉంది, మీరు ఈపాటికి చూసే ఉంటారు. అందుకే దాని జోలికి పోను. ఆర్గానిక్ ఫైనల్ ముంచుకొస్తున్నప్పుడు ఇది మార్కులు తెస్తుందా లేదా, అదొక్కటే చూద్దాం.

చైర్‌తో, అంటే ఆరు కార్బన్ల రింగ్ సైక్లోహెక్సేన్ తీసుకునే కుర్చీ ఆకారంతో మొదలుపెడదాం, ఎందుకంటే నాకు ఈ కిట్ నచ్చింది అక్కడే. ఆరు నల్ల బంతులు (కార్బన్లు) రింగ్‌గా కలపండి, పన్నెండు తెల్ల బంతులు (హైడ్రోజన్లు) పెట్టండి. మొత్తం పద్దెనిమిది కడ్డీలు. ఇప్పుడు టేబుల్ మీద పెట్టండి. కింద మూడు తెల్ల బంతుల మీద ముక్కాలిపీటలా కదలకుండా నిలబడిందా? అయితే అది చైర్. ఆ మూడు కాళ్ళూ యాక్సియల్ హైడ్రోజన్లు. పైకి నిటారుగా ఉన్న మూడూ యాక్సియలే. పక్కలకి చాచినవి ఈక్వటోరియల్. ఒకవేళ ఊగుతోందంటే రింగ్ బోట్ (పడవ) ఆకారంలోకో, దాని మెలితిరిగిన రూపం ట్విస్ట్ బోట్‌లోకో జారిపోయింది, సరిచేయండి.

ఇప్పుడు ఒక కార్బన్ మీద తెల్ల బంతి తీసి ఎర్ర బంతి పెట్టండి, పైకి యాక్సియల్‌గా. అది మిథైల్ (సీహెచ్3) గ్రూపు అనుకోండి. రింగ్ ఫ్లిప్ చెయ్యండి: ఒక కొసని కిందికి నొక్కితే బోట్ అవుతుంది, ఎదుటి కొసని పైకి లేపితే రెండో చైర్ వస్తుంది. ఎర్ర బంతి ఈక్వటోరియల్ అయింది, కానీ ఇంకా పైవైపే ఉంది. గమనించారా? యాక్సియల్ మారుతుంది, పైకి కిందికి మారదు. పరీక్షలో చైర్ ప్రశ్నల్లో తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ఫ్లిప్ అనగానే పైనున్నదాన్ని కింద గీసేస్తారు, సిస్ (రెండు గ్రూపులూ ఒకే వైపు) కాస్తా ట్రాన్స్ (చెరోవైపు) అయిపోతుంది. మిథైల్ యాక్సియల్‌లో ఉంటే మోల్‌కి సుమారు 1.7 కిలోకేలరీలు నష్టం. ఎందుకో కిట్‌లోనే కనిపిస్తుంది: అదే వైపున్న రెండు యాక్సియల్ హైడ్రోజన్లకి ఎర్ర బంతి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

దీని అసలు ఉపయోగం ఈ2లో, అంటే పక్కపక్క కార్బన్ల నుంచి హైడ్రోజన్, క్లోరిన్ లాంటివి ఒకేసారి పోయి డబుల్ బాండ్ వచ్చే చర్యలో. మెంథైల్ క్లోరైడ్ తీసుకోండి. పూర్తిగా కట్టాలంటే ముప్ఫై కడ్డీలు కావాలి, అంత అవసరం లేదు. రింగ్ మాత్రం కట్టి, క్లోరిన్‌కి ఆకుపచ్చ, ఐసోప్రొపైల్‌కి నీలం, మిథైల్‌కి ఎరుపు పెట్టండి. మొదటి కార్బన్ మీద ఆకుపచ్చ పైకి, రెండో కార్బన్ మీద నీలం కిందికి, ఐదో కార్బన్ మీద ఎరుపు పైకి. మూడూ ఈక్వటోరియల్‌గా ఉండే చైర్ ఉంది చూశారా, అదే స్థిరమైనది. కానీ అందులో ఈ2 జరగదు, ఎందుకంటే పక్క కార్బన్ల మీద క్లోరిన్‌కి యాంటీగా, అంటే సరిగ్గా ఎదురు దిశలో, హైడ్రోజన్ లేదు. ఫ్లిప్ చెయ్యాలి. ఇప్పుడు మూడూ యాక్సియల్. రెండో కార్బన్ మీద కిందికి నిలువుగా ఉన్నది ఐసోప్రొపైల్, అక్కడ తీసేందుకు హైడ్రోజన్ లేదు. ఆరో కార్బన్ మీద మాత్రమే ఉంది. అందుకే 2-మెంథీన్ ఒక్కటే వస్తుంది, జైత్సెవ్ నియమం (ఎక్కువ కార్బన్ గ్రూపులు తగిలిన డబుల్ బాండే ఎక్కువగా వస్తుందన్నది) ఇక్కడ పనిచేయదు.

మొదటి కార్బన్ మీద ఆకుపచ్చనీ తెలుపునీ ఇటుదటు మార్చండి. అది నియోమెంథైల్ క్లోరైడ్. స్థిరమైన చైర్‌లోనే క్లోరిన్ యాక్సియల్, రెండు పక్కలా యాంటీ హైడ్రోజన్లు. సుమారు 200 రెట్లు వేగంగా జరుగుతుంది, 3-మెంథీన్ ఎక్కువగా వస్తుంది. ఒక్క మార్పుతో వేగమూ ఉత్పన్నమూ రెండూ మారాయి. ఇది కంఠస్థం చేసే విషయం కాదండీ, చేత్తో తిప్పి చూసే విషయం!

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. డబ్బాతో ఇచ్చిన కాగితంలో ఎస్ఎన్2కి (ఒక గ్రూపు పోతుండగానే మరోటి వచ్చి చేరే చర్యకి) బొమ్మ వేశారు: బ్రోమిన్ పీకి, అదే రంధ్రంలో ఓహెచ్ పెట్టమని. ఇది శుద్ధ తప్పు. అలా చేస్తే కాన్ఫిగరేషన్ (కార్బన్ చుట్టూ గ్రూపుల అమరిక) అలాగే నిలిచిపోతుంది. న్యూక్లియోఫైల్ (కొత్తగా చేరేది, ఇక్కడ ఓహెచ్) వచ్చేది వెనకనుంచి, మిగిలిన మూడు గ్రూపులూ గాలికి గొడుగు తిరగబడ్డట్టు తిరగాలి. ప్లాస్టిక్ బంతికి ఆ పని చేతకాదు. కాబట్టి ఇలా చెయ్యండి: ఆర్-2-బ్రోమోబ్యూటేన్ (ఆర్, ఎస్ అంటే అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు అమరికలు) కట్టి, బ్రోమిన్ స్థానంలోనే ఓహెచ్ పెట్టి, తర్వాత హైడ్రోజన్‌నీ మిథైల్‌నీ ఒకదాని చోట ఒకటి మార్చండి. ఎస్-2-బ్యూటనాల్ వస్తుంది. తెల్ల బంతిని మీకు అవతలివైపు ఉంచి, ఓహెచ్, ఇథైల్, మిథైల్ వరసలో వేలితో తిప్పి సరిచూసుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కాగితాన్నే నమ్ముతారు కదా, ఇంత ముఖ్యమైన చోట అజాగ్రత్త ఎలా?

ఎస్ఎన్1లోనూ (పాత గ్రూపు ముందు పోయి, కొత్తది తర్వాత చేరే చర్య) ఇలాంటిదే. బ్రోమిన్ తీసేసి నాలుగు రంధ్రాల బంతినే కార్బోకేటయాన్ (ధనావేశమున్న కార్బన్) అనుకుంటే, ఖాళీ ఒకవైపే కనిపిస్తుంది, రెండు వైపులనుంచీ దాడి ఎలా జరుగుతుందో అర్థం కాదు. 120 డిగ్రీల మూడు రంధ్రాల బంతి ఉంది, అది పెట్టండి. అమైడ్ నైట్రోజన్ కూడా సమతలమే, నాలుగు రంధ్రాల నీలం బంతి పెడితే రెజొనెన్స్ (ఎలక్ట్రాన్లు పక్క బాండ్లకీ పరుచుకోవడం) కనబడదు.

కడ్డీల సంగతి. పాత గట్టి ప్లాస్టిక్ కిట్లలో బంతి పీకాలంటే గోళ్ళు నొప్పెట్టేవి. ఇందులో సులభంగా వస్తాయి, కానీ కాస్త వదులు. రింగ్ తిప్పేటప్పుడు ఈక్వటోరియల్ బంతులు రాలిపోతాయి. కార్బన్‌కీ కార్బన్‌కీ మధ్య బిగుతైన పొట్టి కడ్డీలు వాడితే ఇబ్బంది తగ్గుతుంది. డబుల్ బాండ్‌కి ఇచ్చిన వంగే కడ్డీలు తిరగకుండా ఆపుతాయి, సిస్ ట్రాన్స్‌కి అది చాలు. డీల్స్-ఆల్డర్‌లో (రెండు అణువులు కలిసి రింగ్ ఏర్పడే చర్య) పీ ఆర్బిటాళ్ళు (డబుల్ బాండ్ ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) మాత్రం వీటిలో వెతక్కండి.

రంగుల గురించి చిన్న మాట. కార్బన్‌కి నలుపు, ఆక్సిజన్‌కి ఎరుపు, నైట్రోజన్‌కి నీలం, క్లోరిన్‌కి ఆకుపచ్చ అన్న ఈ వరస 1865లో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులతో చేసిన మోడళ్ళనాటిది. అప్పట్లో అవి బల్లపరుపుగా ఉండేవి. కార్బన్ నాలుగు బాండ్లూ టెట్రాహెడ్రన్ మూలలకి చూస్తాయని వాంట్ హాఫ్, లె బెల్ చెప్పింది 1874లో. మీ చేతిలో బంతికి ఆ రంధ్రాలు అలా ఉండటం వెనక ఇంత ఉంది.

కొనాలా? చైర్ ప్రశ్నలు తడబెడుతుంటే తప్పకుండా కొనండి, ఆ కాగితం మాత్రం పక్కన పడేయండి. రోజుకి అరగంట: కట్టండి, గీయండి, ఫ్లిప్ చెయ్యండి, మళ్ళీ గీయండి, తర్వాత కిట్ దాచేసి జ్ఞాపకంతో గీసి పోల్చండి. పరీక్ష హాల్లోకి కిట్ రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. రానివ్వరంటే చివరి వారం డబ్బా తెరవొద్దు, చేయి కాగితానికే అలవాటు పడాలి.

ఈ రాత్రికి ఒక పని: 1-బ్రోమో-4-టర్షరీ-బ్యూటైల్ సైక్లోహెక్సేన్, సిస్ ఒకటి, ట్రాన్స్ ఒకటి కట్టండి. టర్షరీ బ్యూటైల్‌ని ఈక్వటోరియల్‌లోనే ఉంచి, దేనిలో బ్రోమిన్ నిటారుగా నిలబడుతుందో చూడండి. ఈ2 వేగంగా జరిగేది దానిలోనే.