టైటిల్స్ పడుతుంటే లేవకండి

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒక జపాన్ రాక్ గాయని గురించి, ఆమె సింగిల్ (విడిగా విడుదలైన పాట) ఒకదాని గురించి చెప్పాలని వచ్చాను. గాయని పేరు లిసా. పాట పేరు ‘జన్కోకు న యోరు ని కగయాకే’. క్రూరమైన రాత్రిలో ప్రకాశించు అని దాని అర్థం. 2025 జులై 18న జపాన్‌లో విడుదలైన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ అనే యానిమే (జపాన్ యానిమేషన్) సినిమా కోసం పాడింది. ఆ సినిమా అదే సంవత్సరం సెప్టెంబరు 12న తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకూ వచ్చింది. పాత్రలు తెలుగులో మాట్లాడాయి, పాటను మాత్రం జపనీస్‌లోనే ఉంచారు. మంచి పని చేశారు. ఆ గొంతుకు బదులు ఇంకో గొంతు పెట్టడం నాకు ఊహకు కూడా అందదు.

లిసాది గిఫు ప్రాంతంలోని సెకి. కత్తుల తయారీకి వందల ఏళ్ళుగా పేరున్న ఊరు అది. ఆ ఊరి అమ్మాయి, కత్తి పట్టిన రాక్షస సంహారకుల కథకు గొంతు ఇవ్వడం నాకు భలే ముచ్చటగా అనిపిస్తుంది. రాక్ బ్యాండ్‌లో పాడుతూ పైకి వచ్చింది. 2010లో ఒక యానిమే సీరియల్లోని అమ్మాయిల బ్యాండ్‌కు పాడి గుర్తింపు తెచ్చుకుంది. 2019లో ‘డీమన్ స్లేయర్’ సీరియల్ ప్రారంభ గీతం ‘గురెంగే’ ఆమెను ఇంటింటికీ చేర్చింది. ఆ ఏడాది చివర జపాన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వారి కోహకు పాటల కార్యక్రమంలో, జపాన్ ఇళ్ళలో అందరూ కలిసి కూర్చుని చూసే ఆ కార్యక్రమంలో, మొదటిసారి పాడింది.

అయితే ఈ సింగిల్ విలువ తెలియాలంటే, ముందు ‘హోమురా’ గురించి చెప్పాలి. నాకు ప్రాణమైన పాట అది. కాస్త తీరిగ్గా చెబుతాను.

2020 అక్టోబరు. ‘డీమన్ స్లేయర్’ కథలోనిదే ‘ముగెన్ ట్రెయిన్’ సినిమా. రెంగోకు అనే వీరుడు ఒక రైలును కాపాడాలి. అందులో రెండు వందల మంది ప్రయాణికులున్నారు. అకజా అనే రాక్షసుడు వస్తాడు. గాయపడితే వాడి ఒళ్ళు క్షణంలో మానిపోతుంది, రెంగోకుది మానదు. మనిషి కదా! అయినా వెనక్కి తగ్గడు. తెల్లవారుతుంటే, ఎండకు భయపడి రాక్షసుడు పారిపోతాడు. రెంగోకు చనిపోతాడు. ప్రయాణికుల్లో మాత్రం ఒక్కరి ప్రాణం కూడా పోదు. ఒక్కరిది కూడా.

అప్పుడు టైటిల్స్ మొదలవుతాయి. లిసా గొంతు వినిపిస్తుంది. ‘గురెంగే’లో అంత హోరుగా పాడిన మనిషి ఇక్కడ పియానో పక్కన మెల్లగా మొదలుపెడుతుంది. మొదటి మాటలే వీడ్కోలు, ఆ వెంటనే కృతజ్ఞత. కేకలేయదు. వాద్యాలు ఒకటొకటిగా చేరుతుంటే గొంతు లేస్తూ పోతుంది. అప్పటిదాకా అణచిపెట్టుకున్న దుఃఖం పల్లవి దగ్గర కట్ట తెంచుకుంటుంది. రాక్ గాయనిలో నాకు నచ్చేది ఇదే. బలం ఉండి కూడా, అది ఎక్కడ వాడాలో అక్కడిదాకా ఆగడం. ఆ పాటకు స్వరం కట్టింది కజియురా యుకి. మాటలు కజియురా, లిసా కలిసి రాశారు. ఆ ఏడాది డిసెంబరులో జపాన్ రికార్డ్ అవార్డు దానికే వచ్చింది.

ఇప్పుడు కొత్త సినిమాకు వద్దాం. అందులో మళ్ళీ అకజా వస్తాడు. అదే అకజా. ఈసారి రెంగోకు లేడు. అతని చావును కళ్ళారా చూసిన తంజిరో, ఈ కథకు నాయకుడు, ఉన్నాడు. ఏం జరుగుతుందో చెప్పను, చూడనివాళ్ళు చూడండి. స్వరం మళ్ళీ కజియురా యుకిదే, గొంతు మళ్ళీ లిసాదే. ‘హోమురా’లో వీడ్కోలు చెప్పిన గొంతే ఇక్కడ పోరాటానికి దిగినట్టు నాకు వినిపిస్తుంది. ఆ దుఃఖం ఎక్కడికీ పోలేదు, దాన్ని పట్టుకునే నిలబడింది. ‘గురెంగే’ నాటి ఉరుకు ఉంది, ‘హోమురా’ నేర్పిన నిగ్రహమూ ఉంది. అందుకే ఇది నాకు ఇంత ఇష్టం. ఇదే సినిమాకు ఎయిమెర్ అనే గాయని కూడా చక్కని పాట పాడింది, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇక ఒక్క మాట అడుగుతాను. మన థియేటర్లలో తెర మీద పేర్లు మొదలవగానే సగం హాలు లేచి నిలబడుతుంది. పార్కింగ్‌లో బండి తీయాలన్న తొందర, అర్థం చేసుకోగలను. కానీ ఇలాంటి సినిమాలకు టైటిల్స్‌లో వచ్చే పాట కూడా కథలో భాగమే. దర్శకుడు, స్వరకర్త, గాయని కలిసి మన కోసం అక్కడ కొన్ని నిమిషాలు ఉంచారు. లేవకండి. పక్కవాళ్ళు లేచినా మీరు లేవకండి. బండి ఎక్కడికీ పోదు.

సినిమా చూడని వాళ్ళు ఇంట్లో వినవచ్చు. ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందు ‘హోమురా’, వెంటనే ఈ పాట. మధ్యలో ఇంకేదీ పెట్టకండి. భాష రాకపోయినా పరవాలేదు, ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో గమనించండి. మీ ఇంట్లో యానిమే చూసే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. కథ వాళ్ళే చెబుతారు. సెలవు, నమస్కారం.