దారిబత్తెం

అందరికీ నమస్కారం.

నా చిన్నప్పుడు మాఘమాసంలో మా ఊరికి సైకిల్ మీద ఒకతను వచ్చేవాడు. హ్యాండిల్‌కి రెండు పక్కలా పరజలు అనే అడవి బాతులు, కాళ్లు కట్టేసి తలకిందులుగా వేలాడుతుండేవి. కొన్నిటికి ఇంకా ప్రాణం ఉండేది. ఒకసారి మా ఇంట్లోనూ కొన్నారు. అమ్మ కోస్తుంటే పక్కన కూర్చుని చూశాను. చర్మం కింద దళసరిగా పసుపుపచ్చటి కొవ్వు. "ఎంత బాగా మేసిందో చూడు" అంది అమ్మ. ఆ కొవ్వు దేనికోసమో నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అది ఉత్తరాదికి తిరిగి వెళ్లడానికి ఆ పిట్ట కూడబెట్టుకున్న దారిబత్తెం.

గ్రాము పిండిపదార్థం నుంచి 4 కేలరీల శక్తి వస్తే, గ్రాము కొవ్వు నుంచి 9 వస్తాయి. పైగా కొవ్వు కరిగేటప్పుడు ఒంట్లోనే నీరు పుడుతుంది. అందుకే వలస పక్షులు సముద్రం మీద రోజుల తరబడి ఎగరగలుగుతాయి. 2022లో బార్ టెయిల్డ్ గాడ్‌విట్ జాతి పిట్ట ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. అప్పటికి దాని వయసు అయిదు నెలలే.

ఎగరడంలో ప్రమాదం లేదని కాదు. తుఫానులున్నాయి, కరెంటు తీగలున్నాయి, దారి తప్పించే నగరాల లైట్లున్నాయి. కానీ ఈ బత్తెం నింపుకోవడానికి వేల పక్షులు ఒకేచోట దిగాలి. అవి మనిషి చేతికి దొరికేది అక్కడే. దీనికి నాకు తెలిసినంతలో అముర్ డేగ కథకు మించిన ఉదాహరణ లేదు.

ఈ డేగ బరువు 150 గ్రాములు, కాస్త అటూ ఇటూ. ఒక కమలాపండంత. తూర్పు సైబీరియా, ఉత్తర చైనా ప్రాంతాల్లో పిల్లల్ని చేసి, చలికాలానికి దక్షిణాఫ్రికా చేరుతుంది. దారిలో అక్టోబరు, నవంబరుల్లో నాగాలాండ్‌లో ఆగుతుంది. ఎందుకో తెలుసా? ఉసిళ్ల కోసం. మన ఇళ్లలో వాన పడ్డ రాత్రి దీపం చుట్టూ మూగే ఉసిళ్లే. ఆ రోజుల్లో అక్కడి నేలలోంచి అవి గుంపులుగా లేస్తాయి. వాటిని తిని ఒళ్లు చేసి, అరేబియా సముద్రం దాటుతుంది. మన దగ్గర గుంపులుగా తిరిగే తూనీగలు కూడా అదే కాలంలో, అదే గాలివాటున ఆఫ్రికాకు వెళ్తాయనీ, సముద్రం మీద డేగలకు అవే ఆహారం కావచ్చుననీ కొందరు శాస్త్రవేత్తల ఊహ.

దారి ఎలా తెలుస్తుంది? సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి. కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ దిక్సూచిలా పనిచేస్తుందనేది ఇప్పుడు బలంగా ఉన్న వాదన. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు రాబిన్ పిట్టల మీద చేసిన పరీక్షలు 2014లో అచ్చయ్యాయి. ఊళ్లోని విద్యుత్ పరికరాల నుంచి వెలువడే తరంగాల రొద ఆ దిక్సూచిని చెడగొట్టింది. అల్యూమినియం రేకులతో ఆ రొదను అడ్డుకుంటే పిట్టలు మళ్లీ దిక్కు పట్టాయి. సెల్ టవర్ల గురించి చాలామంది అడుగుతుంటారు. ఆ పరీక్షల్లో తేలింది ఏఎం రేడియో స్థాయి తరంగాల సంగతి, సెల్‌ఫోన్లది కాదు. రెండిటినీ కలిపేసి ప్రచారం చేస్తే అసలు ప్రమాదాలు పక్కకు పోతాయి.

అసలు ప్రమాదం నాగాలాండ్‌లోని వోఖా జిల్లా దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో బయటపడింది. డేగలు రాత్రికి అక్కడి చెట్ల మీద చేరతాయి. చేపల వలల్ని చెట్ల మధ్య కట్టి వాటిని పట్టేవారు. జిప్పులున్న దోమతెరల్లో ప్రాణాలతో కుక్కి, ఆపైన ఈకలు పీకి, పొగబెట్టి అమ్మేవారు. రోజుకు 12 వేల నుంచి 14 వేలు, ఆ కొద్ది రోజుల్లోనే 1,20,000కు పైగా చచ్చిపోయి ఉంటాయని చూసినవాళ్ల అంచనా. అప్పుడు తీసిన వీడియోలు చూసి నేను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేకపోయాను.

అయితే ఆ జలాశయం పక్కనున్న పాంగ్టీ ఊరివాళ్లని రాక్షసులనుకోవడం అన్యాయం. ఆనకట్ట కట్టాక పొలాలు మునిగి, చేపల వేటకు దిగినవాళ్లు వాళ్లు. వన్యప్రాణుల రక్షణ చట్టం 1972 నుంచీ ఉంది, ఏం ఆపింది? ఆపింది ఊరి పెద్దలు, చర్చి, తీర్మానం, జరిమానా. నిన్నటి వేటగాళ్లే కాపలాకు నిలబడ్డారు. 2013లో అక్కడ ఒక్క డేగ కూడా వలలో పడలేదు. ఆ నవంబరులో మూడు పక్షులకు ఎక్కడున్నాయో తెలిపే 5 గ్రాముల ట్రాన్స్‌మిటర్లు కట్టి నాగా, వోఖా, పాంగ్టీ అని పేర్లు పెట్టారు. తమ ఊరి పేరు ఒక పిట్ట వీపున సముద్రం దాటుతుంటే ఆ ఊరికి ఎలా ఉంటుందో ఊహించండి. మరుసటి ఏడు నాగా, పాంగ్టీ తిరిగి దోయాంగ్‌కే వచ్చాయి.

అలా ట్యాగు కట్టిన డేగలు బంగాళాఖాతం మీదుగా వచ్చి, మన నెత్తిమీది ఆకాశంలోంచే అరేబియా సముద్రం వైపు సాగిపోయాయి. మనకు కనబడనే లేదు. మన దగ్గర దిగేవి వేరే ఉన్నాయి: కొల్లేట్లో, పులికాట్లో, పేరు తెలియని ఊరి చెరువుల్లో.

పోయిన చలికాలం మా ఊరి సంతలో పరజలమ్మే అతన్ని చూశాను. పక్కన కూర్చుని, ఈ డేగ కథ మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "కొనేవాళ్లుంటేనే పడతానండీ, లేకపోతే చేపలకే పోతా" అన్నాడు. ఆ మాట పట్టుకుని అప్పటినుంచీ మా పంచాయతీ చుట్టూ తిరుగుతున్నాను, పాంగ్టీలో చేసినలాంటి తీర్మానం వచ్చే అక్టోబరులోపు మా ఊళ్లోనూ చేయించాలని.