‘మా నాయిన రైతు’లో వర్బ్ యాడుండాది?

(తెలుగు భాషా దినోత్సవం నాడు తిరుపతిలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఒక రిటైర్డు ఇంగ్లీషు అయ్యవారి ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికీ, వేదిక మీద ఉండే పెద్దలకూ, ఇంత ఉక్కలో వచ్చి కూర్చున్న అమ్మలకూ అయ్యలకూ, ఫ్యాను కింద చోటు దొరక్క వెనక బెంచీలకు పోయిన పిల్లకాయలకూ. పేరుపేరునా చెప్పాలనే ఉండాది గానీ, నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పని చేసేసినారు. నాలుగోసారి వింటే ఆ పెద్దలకే విసుగొస్తుంది.

ఈ పొద్దు ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన రోజు. ఇట్లాంటి రోజున ముప్పై మూడేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైనోణ్ణి పిలిచి, ‘పిల్లకాయలకు ఇంగ్లీషు గ్రామరు గురించి నాలుగు ముక్కలు చెప్పండి సార్’ అన్నారు. పెండ్లికి పిలిచి తద్దినం పెట్టమన్నట్టుందే అనుకున్నా. ఇంటికి పోయి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఈ రోజు కాకపోతే ఇంకే రోజు చెప్తానీ మాట అనిపించింది. నా దగ్గర ఒక పాత బాకీ ఉండాది. వసూలు చేసుకోను రాలేదు, చెప్పుకోను వచ్చినా.

సరే, ముందు ఇచ్చిన పని చేస్తా. పార్ట్స్ ఆఫ్ స్పీచ్. భాషాభాగాలు. ఎన్ని రా పిల్లకాయల్లారా? ఎనిమిది! చూడండి, నిద్రలో లేపి అడిగినా చెప్తారు. నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వర్బ్, అడ్వర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. ఎక్కం అప్పజెప్పినట్టు. ఎనిమిదే ఎందుకురా అంటే మాత్రం ఒక్కరూ చెప్పరు. వాళ్ళ తప్పు కాదు, మేం చెప్పలేదు.

ఈ లెక్క ఇంగ్లీషోళ్ళది కాదు. దగ్గర దగ్గర 2,100 ఏండ్ల కిందట డయొనీసియస్ త్రాక్స్ అనే గ్రీకు పండితుడు వాళ్ళ భాషకు వేసిన లెక్క. ఆయన ఎనిమిదిలో ఆర్టికల్ ఒకటి, ఇంగ్లీషులో ‘ఎ, ద’ లాంటిది. ఇంటర్జెక్షన్ లేదు. అడ్జెక్టివ్‌ను నౌన్‌లోనే కలిపేసినాడు. తర్వాత రోమనోళ్ళు ఆ లెక్కను లాటిన్‌కు తెచ్చుకున్నారు. చూస్తే లాటిన్‌లో ఆర్టికలే లేదు. ఒకటి తగ్గిపాయె. గురువు చెప్పింది ఎనిమిది కదా, ఎట్ల? ‘అయ్యో, అబ్బా, ఛీ’ లాంటి మాటలను ఏరి, ఇంటర్జెక్షన్ అని పేరుపెట్టి, ఖాళీ సీటులో కూర్చోబెట్టినారు. బస్సులో తువ్వాల వేసి సీటు పట్టినట్టు. ఆ తువ్వాల ఇప్పుటికీ తియ్యలేదు.

మనోళ్ళ లెక్క వేరు. సంస్కృతం మాటల అర్థాలు విప్పిచెప్పిన పాతకాలపు పండితుడు యాస్కుడు నాలుగే అన్నాడు. నామం అంటే పేరు, ఆఖ్యాతం అంటే క్రియ, ఉపసర్గ అంటే మాట ముందర చేరేది, నిపాతం అంటే ‘చ, వా’ లాంటి చిన్న మాట. పేర్లు కూడా ఒకదానికొకటి సరిగా అతకవు. ప్రొనౌన్ అంటే నౌన్‌కు బదులు వచ్చేది. మనం దాన్ని సర్వనామం అంటాం. అందరికీ చెల్లే పేరు కాబట్టి సర్వనామం అని నేను పదేండ్లు పాఠం చెప్పినా. తర్వాత తెలిసింది, పాణిని సూత్రం ‘సర్వాదీని సర్వనామాని’ అని. ‘సర్వ’ అనే మాటతో మొదలయ్యే పట్టీ ఒకటుంది, ఆ పట్టీలోవన్నీ సర్వనామాలు. రేషన్‌కార్డులో మొదటి పేరు ఇంటి పెద్దది ఉన్నట్టు. ఆ పదేండ్లలో నా దగ్గర చదివినోళ్ళు ఎవరన్నా ఇక్కడుంటే మన్నించండి.

ఇంక మన ఊరి లెక్కకు వద్దాం. తిరుపతిలో ఒక ఆడమనిషిని ‘మీ ఆయన యాడ?’ అని అడిగితే, ‘పైకి పోయినాడు’ అంటుంది. కొత్తగా వచ్చినోడు గుండె పట్టుకుంటాడు. మనకు తెలుసు, ఆయనకు కొండ మీద డ్యూటీ. ఈ ‘పైకి’ ఉండాదే, ఇంగ్లీషులో ‘అప్’, దీంతోనే నేను సగం గ్రామరు చెప్పేవాణ్ణి. ‘హి వెంట్ అప్’ అంటే అది అడ్వర్బ్, పోవడం ఎట్టపక్కకో చెప్తుంది. ‘హి వెంట్ అప్ ద హిల్’ అంటే, వెనక కొండ వచ్చి చేరింది కాబట్టి ప్రిపొజిషన్. కొండకు రెండు ఘాట్ రోడ్లు. 1944లో వేసింది ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చింది ఎక్కడానికి. మనం ఏమంటాం? అప్ ఘాట్, డౌన్ ఘాట్. ఆడ అది రోడ్డుకు విశేషణం, అడ్జెక్టివ్. జీపోడు చార్జీ పెంచితే ‘హి అప్‌డ్ ద ఫేర్’, అప్పుడది వర్బ్. కాపురమన్నాక ‘అప్స్ అండ్ డౌన్స్’ ఉంటాయి, అది నౌన్. మాట ఒకటే, రెండక్షరాలు. ఏ పని చేస్తా ఉంటే ఆ పేరు. మా ఇంట్లో నేను నాయిన్ని, బడిలో అయ్యవారిని, బస్సులో ‘ఓ పెద్దాయనా కొంచెం జరుగు’. మనిషిని చూసి చెప్తారా, చేసే పనిని చూసి చెప్తారా? ‘అప్ ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్?’ అని ఒక్క మాట ఇచ్చి అడిగే ప్రశ్నాపత్రాలు ఇంకా వస్తా ఉండాయి. వాక్యం ఇయ్యకుండా అడిగితే జవాబుండదు. వెనకుండే టీచర్లు దయచేసి రాసుకోండి.

ఇప్పుడు ఆ బాకీ.

1998. మామిడితోటల నడుమ ఒక హైస్కూలు. పేరొద్దు. తొమ్మిదో తరగతి, మధ్యాహ్నం మొదటి పీరియడు. పిల్లకాయలందరూ సంగటి తిని వచ్చి కండ్లు మూసుకుపోయే వేళ. అప్పుడే ఇన్‌స్పెక్షన్‌కు ఒక అధికారి వచ్చినాడు. మూడో బెంచీలో ఒక పిలగాణ్ణి లేపి, ‘వాట్ ఈజ్ ఎ వర్బ్?’ అన్నాడు. వాడు చేతులు కట్టుకొని గడగడా చెప్పేసినాడు: ‘ఎ వర్బ్ ఈజ్ ఎ డూయింగ్ వర్డ్ సార్.’ గుడ్ అని, అధికారి బోర్డు మీద తనే రాసినాడు: ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్.’ ఇందులో వర్బ్ ఏది?

వాడు బోర్డు వైపు చూసినాడు. ఒక్కొక్క మాటా వేలితో గాల్లో లెక్కపెట్టినాడు. అరిచేతులు నిక్కరుకు తుడుచుకొని, ‘ఫార్మర్ సార్’ అన్నాడు.

క్లాసంతా నవ్వులు. అధికారి కూడా నవ్వినాడు. ‘ఎందుకు?’ అన్నాడు. వాడన్నాడు: ‘పని చేసేది ఆయనే కదా సార్.’

నేను నవ్వలేదు. ఇరవై ఏండ్లకు పైగా ఆలోచిస్తా ఉండా, వాడు చెప్పిందాంట్లో తప్పేముంది? మేం నేర్పింది ‘పని చేసే మాట’ అని. ‘ఈజ్’ ఏం పని చేస్తుంది? దున్నుతుందా, నీళ్ళు కడుతుందా? పైగా వాడింట్లో ఆ వాక్యం ‘మా నాయిన రైతు’. అంతే. రెండు పేర్లు పక్కపక్కన పెడితే తెలుగులో వాక్యమైపోతుంది, క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషుకు అట్ల కుదరదు. క్రియ అనే గుంజ పాతకపోతే ఆ పందిరి నిలబడదు. చేసే పని ఏమీ లేకపోయినా సరే, గుంజ ఉండాల్సిందే. ఆ గుంజే ఈజ్.

రవీంద్రనాథ్ టాగూరు 1919లో మదనపల్లెలో, అప్పుటికది మన చిత్తూరు జిల్లానే, జనగణమనకు తనే ఇంగ్లీషు చేసినాడు. మొదటి మాటలే ‘దౌ ఆర్ట్ ద రూలర్’. ఈ ‘ఆర్ట్’ ఇప్పటి ‘ఆర్’కు పాత రూపం, ‘ఈజ్’కు తోబుట్టువు. మూలంలో ఆ ‘ఆర్ట్’కు తగిన క్రియ ఏదీ లేదు, అధినాయకా అని పిలుపే. అంత మహాకవి కూడా ఇంగ్లీషు పందిరి వెయ్యాలంటే గుంజ పాతినాడు. మూడో బెంచీ పిలగాడికి ఆ సంగతి ఎవరు చెప్పాల?

నేను చెప్పినా, ఆ అధికారి ముందరే. ‘అబ్బయా, యాడికి పోతా ఉండావు అంటే ఏమంటావు?’ అన్నా. ‘చేనుకాడికి పోతా ఉండా’ అన్నాడు. అది రెండు ముక్కలు చేసి బోర్డు మీద రాసినా. పోతా, గోయింగ్. ఉండా, యామ్. పుస్తకంలో తెలుగు ‘పోతున్నాను’ అని రెండూ అతుక్కుపోయి ఉంటాయి, పిలగాడికి అతుకు కనపడదు. మన చిత్తూరు మాటలో అతుకు బయటికే ఉండాది. నిన్నటి సంగతయితే ‘పోతా ఉంటిని’, వాజ్ గోయింగ్. రేపటిదయితే ‘పోతా ఉంటా’, విల్ బి గోయింగ్. ‘పోతా’ కదల్లేదు, వెనకుండే గుంజే మారింది. హెల్పింగ్ వర్బ్ అంటే ఇదిరా అన్నా. ఆ పిలగాడి ముఖం చూడాల్సింది. బోర్డు మీద వాళ్ళమ్మ మాట రాసినారు, అదీ ఇంగ్లీషు పీరియడులో!

ఆ సాయంత్రం రిమార్కుల పుస్తకంలో ఎర్ర ఇంకుతో నా మీద ఒక మాట రాసిపోయినాడాయన. ‘టీచర్ యూజింగ్ లోకల్ స్లాంగ్ ఇన్ ఇంగ్లీష్ క్లాస్. నాట్ గుడ్.’

హెడ్మాస్టరు నన్ను పిలిచి సంతకం పెట్టమన్నాడు. పెట్టినా. ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చున్నాక తట్టింది. టీచర్... యూజింగ్. ‘ఈజ్’ యాడ? ‘నాట్ గుడ్’లో ‘ఈజ్’ యాడ? రెండు వాక్యాలు, రెండింటికీ గుంజ లేదు! ఆఫీసు ఫైళ్ళలో అట్లనే రాస్తారు, పొట్టిగా, ఆ మాటా ఒప్పుకుంటా. కానీ ఏ గుంజ కనిపెట్టలేదని పిలగాణ్ణి చూసి నవ్వినారో, ఆ గుంజనే మరిచి నాకు రిమార్కు రాసినారు. అది చెప్పే ధైర్యం ఆ పొద్దు నాకు లేకపోయింది. ఈ పొద్దు చెప్తా ఉండా. పేరు చెప్పను. పేరుతో పనేముంది.

గిడుగువారిని ‘మీ పుస్తకాల తెలుగు ఒకటి, మీరు మాట్లాడే తెలుగు ఒకటి, ఇదేమిటి?’ అని ఆలోచనలో పడేసిందీ ఒక స్కూళ్ళ ఇన్‌స్పెక్టరే. యేట్స్ అని, ఇంగ్లీషాయన. పంతులుగారు పర్లాకిమిడి బడిలో ఉంటూ సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణం రాసినారు. కొండల్లో మాట్లాడే మాటకు వ్యాకరణం ఉండాదని చూపించినారు. మన ‘పోతా ఉండా’కు లేదా? స్లాంగంట!

లైబ్రేరియనమ్మ చీటీ పంపించింది. టైమైపోయిందంట. ఎనిమిదిలో నేను చెప్పింది ఒకటిన్నర. ప్రిపొజిషన్ మిగిలిపాయె. ‘ముందర పెట్టేది’ అని దాని పేరు, మనమేమో ‘బల్ల మీద’ అని వెనక పెడతాం, అందుకే పిల్లకాయలు తారుమారు చేస్తారు. ఆర్టికల్ అసలు ముట్టుకోనే లేదు. అమ్మా, ఒక్క నిమిషం.

ఈ లైబ్రరీలో ఆదివారం పొద్దున ఈ హాలు ఖాళీగా ఉంటుంది. తాళంచెవి ఇస్తే పది నుంచి పన్నెండు దాకా నేనొస్తా. ఫీజు లేదు, పుస్తకం అక్కర్లేదు. వచ్చే పిల్లకాయలు ఇంట్లో మీ అమ్మో అవ్వో అన్న మాట ఒకటి, సరిదిద్దకుండా, అన్నది అన్నట్టు కాగితం మీద రాసుకొని రండి. తిట్టైనా పర్వాలేదు. మంచినీళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోండి, ఈడ కొళాయి వారం నుంచి రావడం లేదు.